టమాట ఆకులో బాక్టీరియా దాడి: మైటోకాండ్రియా స్పందనను కొలిచేదెలా?

ఆకుపచ్చ_తిరుపతి | సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. టమాట ఆకుల్లోకి సూడోమోనాస్ సిరింగే డీసీ3000 ఎక్కించి, మైటోకాండ్రియా ఎలా స్పందిస్తుందో చూస్తున్నాం. మొక్కలు రెండు రకాలు. ఒకటి ఈ బాక్టీరియాను పసిగట్టే పీటీఓ జన్యువు ఉన్న రియో గ్రాండే అనే టమాట రకం. రెండోది పీఆర్‌ఎఫ్ జన్యువు చెడిపోయిన దాని జోడీ. మొదటిది బాక్టీరియాను గుర్తుపట్టి ఆ చోట కణాలను చంపుకుంటుంది, రెండోదానికి తెగులు వస్తుంది. మోతాదు ఓడీ (బాక్టీరియా ద్రవం చిక్కదనం) 0.2, కొలత 6 గంటలకు.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చూపే డీఏబీ వేస్తే రెండింటిలోనూ గోధుమరంగు పడింది. మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్‌ను చూపే మైటోసాక్స్ రంగు వెలుగు రెండింటిలోనూ ఉంది, బాక్టీరియా లేకుండా ఉత్త మెగ్నీషియం క్లోరైడ్ ఎక్కించిన ఆకులోనూ ఉంది. సయనైడ్ వేశాక కూడా ఆగని ఆక్సిజన్ వాడకం రెండింటిలోనూ పెరిగింది. సయనైడ్‌కు ఆగని శ్వాసను నడిపే ఏఓఎక్స్ ఎంజైమ్‌ను ప్రోటీన్ బ్లాట్‌లో చూస్తే గీత ఒకసారి 35 కిలోడాల్టన్ల దగ్గర, ఇంకోసారి 70 దగ్గర వస్తోంది. మొక్కలు షేడ్‌నెట్ కింద పెరుగుతున్నాయి.

"బాక్టీరియా కలిగించే ఆక్సీకరణ ఒత్తిడికి మైటోకాండ్రియా స్పందన" అని శీర్షిక పెట్టుకున్నాం. ఈ ఫలితాలను బట్టి ఏం చెప్పొచ్చు? ఎక్కడ తప్పు కొలుస్తున్నాం?

శ్వాసక్రియ | సోమవారం, ఉదయం 11:45

ముందు శీర్షిక సరిచేసుకోవాలమ్మా. ఆ ఒత్తిడి బాక్టీరియా తెచ్చి పోసేది కాదు. చాలామటుకు మొక్క తనే రాజేసుకునే మంట అది. బాక్టీరియా కశాభంలోని ఫ్లాజెలిన్‌లో 22 అమైనో ఆమ్లాల ముక్కను ఎఫ్‌ఎల్‌ఎస్2 గ్రాహకం పట్టుకోగానే, కణపొర మీదున్న ఆర్‌బీఓహెచ్ ఎంజైమ్ లోపలి ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని బయటి ఆక్సిజన్‌కు అంటిస్తుంది. అట్లా సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. ఆ ముక్కను ఒక్కదాన్నే ఇస్తే 2, 3 నిమిషాల్లో మొదలై, 10–15 నిమిషాలకు శిఖరానికెక్కి, గంటలోపే దిగిపోతుంది. ఈ మొదటి అల మీ రెండు రకాల్లోనూ రావలసిందే. గుర్తుపట్టే జన్యువున్న రకంలో మాత్రం కొన్ని గంటల తర్వాత రెండో అల వస్తుంది, అది ఎక్కువసేపు నిలుస్తుంది. మీరు ఒక్క 6 గంటల దగ్గరే చూశారు. 0, 15 నిమిషాలు, 1, 3, 6, 9, 12 గంటలు అని వరసగా తీయకపోతే ఏ అలను చూస్తున్నారో మీకే తెలియదు.

ఇక మైటోకాండ్రియా సంగతి. లోపలి పొరలో ఎలక్ట్రాన్లు కాంప్లెక్స్‌లనే ఎంజైమ్ గుంపుల్లో 1, 2 నుంచి యూబిక్వినోన్ అనే మోసే అణువుకు, అక్కడి నుంచి 3, 4 మీదుగా ఆక్సిజన్‌కు చేరతాయి. మన చిత్తూరు చెరువునే తలుచుకోండి. తూము గుండా పోయే నీరు పొలం తడుపుతుంది, అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ. తూము మూసుకుపోయి చెరువు నిండితే కట్టకు గండి పడుతుంది. కాంప్లెక్స్ 1, 3 దగ్గర ఎలక్ట్రాన్లు కారిపోయి సూపరాక్సైడ్ పుట్టడం ఆ గండి. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్, అదే ఏఓఎక్స్, ఆ చెరువుకు కలుజు, అంటే మిగులు నీరు పొంగిపోయే దారి. యూబిక్వినోన్ దగ్గరే ఎలక్ట్రాన్లను దించుకుని ఆక్సిజన్‌ను నీరు చేసేస్తుంది. కలుజు మీదుగా పోయిన నీటితో పొలం తడవదు, అంటే అక్కడ ప్రోటాన్లు పంపు కావు. కట్ట మాత్రం నిలుస్తుంది.

బాక్టీరియా వచ్చినప్పుడు తూము ఎందుకు మూసుకుపోతుంది? ఒకటి, సూడోమోనాస్ హార్పిన్ ప్రోటీన్ తగిలిన అరబిడాప్సిస్ (పరిశోధనల్లో వాడే చిన్న మొక్క), పొగాకు కణాల్లో మైటోకాండ్రియా పొర విద్యుత్ పీడనం, ఏటీపీ పడిపోవడం చూశారు. రెండు, నైట్రిక్ ఆక్సైడ్ కాంప్లెక్స్ 4ను పట్టుకుంటుంది, ఏఓఎక్స్‌ను అంతగా పట్టుకోదు. మూడు, సాలిసిలిక్ ఆమ్లం. ఇది తక్కువ మోతాదులో కాంప్లెక్స్ 2 దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, ఎక్కువైతే ఎలక్ట్రాన్ ప్రవాహాన్నే ఆపుతుంది. అరబిడాప్సిస్‌లో కాంప్లెక్స్ 2 ఉపభాగం ఒక్క చోట మారిన డీఎస్‌ఆర్1 మ్యూటెంట్‌లో ఈ పెరాక్సైడ్ తగ్గింది, మొక్కకు తెగుళ్లు ఎక్కువయ్యాయి. 2011లో వచ్చిన ఫలితం అది. మైటోకాండ్రియా నుంచి వచ్చే పెరాక్సైడ్ పాడైపోతున్న గుర్తు మాత్రమే కాదు, అది కబురు కూడా అని చెప్పడానికి నాకు తెలిసిన గట్టి ఆధారం ఇదే.

సూక్ష్మజీవి | సోమవారం, మధ్యాహ్నం 1:10

బాక్టీరియా వైపు నుంచి నాలుగు మాటలు.

ఓడీ 0.2 అంటే మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల బాక్టీరియా. కణాలు చనిపోయే ప్రతిస్పందన చూడటానికి అది సరిపోతుంది. తెగులు ఎలా పెరుగుతుందో చూడాలంటే మాత్రం చాలా ఎక్కువ, వెయ్యి రెట్లు పలచన చేసి 1 లక్ష దగ్గర పెట్టాలి. అంత మోతాదు పోస్తే తెగులుకు లొంగే రకం కూడా త్వరగా కుంగిపోతుంది. 6 గంటలకు రెండూ ఒకేలా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. ఓడీ 0.02తో ఇంకో సెట్ పెట్టండి.

కింగ్స్ బీ మీడియంలో రిఫాంపిసిన్ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు కలిపి 28 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచండి. సెంట్రిఫ్యూజ్ చేసి 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్‌తో రెండుసార్లు కడగండి. కడగకపోతే మీడియంలోని పెప్టోన్, బాక్టీరియా వదిలిన ముక్కలు ఆకులోకి పోయి మొదటి అలను పెంచేస్తాయి. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో ఆకు అడుగు వైపు నుంచి ఎక్కించాలి. వేలితో నొక్కిన చోట కణాలు నలిగితే అక్కడ డీఏబీ రంగు గుండ్రంగా పడుతుంది. ఆ వృత్తాన్ని లెక్కలోంచి తీసేయాలి.

కంట్రోల్ ఉత్త మెగ్నీషియం క్లోరైడ్ ఒక్కటే చాలదు. టైప్ 3 స్రావ వ్యవస్థ లేని హెచ్‌ఆర్‌సీసీ మ్యూటెంట్ కావాలి. అది ఫ్లాజెలిన్‌ను చూపిస్తుంది కానీ మొక్కను లొంగదీసే ఎఫెక్టర్ ప్రోటీన్లను మొక్క కణంలోకి దించలేదు. దానితో వచ్చిన ఫలితాన్ని తీసేస్తే మిగిలేది ఎఫెక్టర్ల పని. డీసీ3000 ఎఫెక్టర్లలో హాప్‌జీ1 నేరుగా మైటోకాండ్రియాకే పోయి శ్వాసక్రియను తగ్గిస్తుంది. పైగా ఈ స్ట్రెయిన్ కరోనటైన్ అనే విషాన్ని చేసి సాలిసిలిక్ ఆమ్లం దారిని అణచేస్తుంది. లొంగే రకంలో మీరు చూస్తున్నది మొక్క స్పందనా, బాక్టీరియా తనకు కావలసినట్టు మలుచుకున్న స్థితా? హెచ్‌ఆర్‌సీసీ లేకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

ఇంకొకటి, చాలామంది మరిచేది. ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ గదిలో ఆకుతో పాటు బాక్టీరియా కూడా ఉంది, అదీ ఊపిరి తీస్తుంది. సూడోమోనాస్ ప్రజాతిలో కొన్నిటికి సయనైడ్‌కు లొంగని సొంత ఆక్సిడేజ్ ఉంటుంది. మీ "సయనైడ్‌కు ఆగని శ్వాస"లో వాటా దానిదేమో చూడాలి. ఆకు నూరి కాలనీలు లెక్కించి, అంతే సంఖ్యలో బాక్టీరియాను ఒంటరిగా గదిలో పెట్టి, సయనైడ్ వేసి కొలవండి.

ఆకుపచ్చ_తిరుపతి | సోమవారం, మధ్యాహ్నం 2:30

ధన్యవాదాలు సార్. బాక్టీరియా శ్వాస సంగతి అసలు ఆలోచించలేదు. హెచ్‌ఆర్‌సీసీ తెప్పించుకుంటాం. మైటోసాక్స్ కంట్రోల్‌లోనూ వెలగడం మాత్రం అర్థం కావడం లేదు.

పత్రహరితం | సోమవారం, సాయంత్రం 4:05

వెలగక ఏం చేస్తుంది? ఆకులోకి ద్రవం ఎక్కించగానే కణాల మధ్య గాలి ఖాళీలు నీటితో నిండిపోతాయి. ఆక్సిజన్ అందదు, ఆకు తడిసి ముదురు పచ్చగా కనిపిస్తుంది. ఆ తడి ఆరి ఆకు మామూలు రంగుకు రావాలి. మామూలుగా గంట, రెండు గంటలు పడుతుంది. అప్పటిదాకా మైటోకాండ్రియా కొలత దేనికీ పనికిరాదు. అందుకే అసలేమీ ఎక్కించని ఆకు కూడా ఒకటి పక్కన ఉండాలి.

మైటోసాక్స్ మీద నాకు నమ్మకం తక్కువ, కారణాలతోనే చెబుతున్నా. ఆ రంగుకు ధనావేశం ఉంటుంది, మైటోకాండ్రియా లోపలి రుణావేశం లాగబట్టే అది లోపలికి పోతుంది. పొర విద్యుత్ పీడనం పడిపోతే రంగు బయటికొచ్చి కేంద్రకంలోని డీఎన్‌ఏకు అంటుకుని వెలుగుతుంది. అప్పుడు "సూపరాక్సైడ్ పెరిగింది" అని రాసేస్తాం, నిజానికి పడిపోయింది పీడనం. చిత్రంలో వెలుగు చిన్న చిన్న చుక్కలుగా కదులుతూ ఉంటే మైటోకాండ్రియా. కణానికి ఒకటే పెద్ద గుండ్రటి మచ్చ ఉంటే అది కేంద్రకం, ఆ చిత్రాన్ని పక్కన పెట్టాలి.

పద్ధతి ఇలా పెట్టండి. రంగు 5 మైక్రోమోలార్ మించొద్దు. ఆకు అడుగు వైపు పైపొర ఒలిచి, చీకట్లో 15–20 నిమిషాలు ఉంచి, రెండుసార్లు కడగండి. 510 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరిస్తే సూపరాక్సైడ్‌తో వచ్చిన పదార్థమూ, మామూలుగా ఆక్సీకరణం చెందినదీ రెండూ వెలుగుతాయి. 405 లేజర్ ఉంటే దానితో కూడా తీయండి, సూపరాక్సైడ్ పదార్థం అక్కడ ఎక్కువ స్పందిస్తుంది. వెలుగును 580 చుట్టూ పట్టి 640 లోపల ఆపేయండి, అంతకు పైకి పోతే పత్రహరితం సొంత ఎరుపు కలుస్తుంది. పక్కనే ఇంకో ముక్కకు టీఎంఆర్‌ఎం వేసి విద్యుత్ పీడనం విడిగా చూడండి. ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన లేకపోతే మైటోసాక్స్ ఫలితం రాయకపోవడమే నయం. ఆంటిమైసిన్ ఏ వేసిన ముక్క ఒకటి అనుకూల కంట్రోల్‌గా ఉండాలి. కాంప్లెక్స్ 3 మూసుకుపోతుంది కాబట్టి వెలుగు పెరగాలి. పెరగలేదంటే రంగు పాతబడింది.

వీలుంటే రంగులన్నీ మాని, మైటోకాండ్రియాకు పంపిన ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 ఉన్న మొక్కలు వాడండి. అది పెరాక్సైడ్‌కు స్పందించే ప్రోటీన్. రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తి కొలుస్తాం కాబట్టి రంగు ఎంత లోపలికి పోయిందన్న గొడవ ఉండదు. టమాటలో ఆ లైన్ తయారు చేసుకోవడానికి సమయం పడుతుంది, అరబిడాప్సిస్‌లో ఇప్పటికే ఉంది.

డీఏబీ గురించి ఒక్కమాట. అది ఏ అరలో పెరాక్సైడ్ ఉందో చెప్పదు, పెరాక్సిడేజ్ ఉన్నచోటే రంగు పడుతుంది. కరగని గోధుమరంగు ఎక్కువగా కణగోడ దగ్గరిది. మైటోకాండ్రియా గురించి డీఏబీతో ఒక్క వాక్యం కూడా రాయకండి. కొలతకు వాడేటప్పుడు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, పీహెచ్ 3.8, చీకట్లో. తర్వాత ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం, గ్లిసరాల్ 3:1:1 పాళ్లలో మరిగించి పచ్చదనం తీసేయాలి. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న పదార్థం.

శ్వాసక్రియ | సోమవారం, రాత్రి 8:50

మేడమ్ చెప్పినవన్నీ సరే. ఎలక్ట్రోడ్ సంగతి నేను రాస్తాను, అసలు తప్పులు అక్కడే జరుగుతాయి.

ఆకును 1–2 మిల్లీమీటర్ల పీలికలుగా కోసి, 100 మిల్లీగ్రాములు తూచి, పీహెచ్ 7.2 దగ్గర 20 మిల్లీమోలార్ హెపిస్, 0.2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ బఫర్‌లో చీకట్లో 30 నిమిషాలు ఉంచండి. కోత గాయం వల్ల ఎగిరిన శ్వాస ఆలోగా కొంత కుదురుకుంటుంది. తర్వాత 2 మిల్లీలీటర్ల గదిలో, చీకట్లో, 25 డిగ్రీల దగ్గర. గీత 5 నిమిషాలు తిన్నగా దిగాకే సయనైడ్ వేయాలి. 1 మోలార్ ద్రావణం 2 మైక్రోలీటర్లు వేస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. మళ్లీ గీత తిన్నగా అయ్యాక ఏఓఎక్స్‌ను ఆపే షామ్ వేయాలి, అదీ 1 మోలార్ ద్రావణమైతే 4 మైక్రోలీటర్లతో 2 మిల్లీమోలార్. రెండూ వేశాక మిగిలే వాడకాన్ని అవశేష శ్వాస అంటాం. సూక్ష్మజీవి గారు చెప్పిన బాక్టీరియా వాటా ఇందులోనే దాక్కుంటుంది, షామ్‌కు అది లొంగదు. మీ లెక్కలో దీన్ని తీసేశారా లేదా అన్నది మొదట చూసుకోవాలి.

షామ్ మోతాదు పుస్తకం చూసి వేసేది కాదు. 0.5 నుంచి 5 మిల్లీమోలార్ దాకా మెట్టు మెట్టుగా వేసి చూడాలి. కణగోడ పెరాక్సిడేజ్‌లు ఎక్కువున్న కణజాలంలో తక్కువ షామ్ వేస్తే ఆక్సిజన్ వాడకం తగ్గకపోగా పెరుగుతుంది. బాక్టీరియా సోకిన ఆకులో పెరాక్సిడేజ్ ఎలాగూ ఎక్కువే. షామ్‌ను కరిగించే డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన కంట్రోల్ కూడా తప్పదు.

సయనైడ్ జాగ్రత్త. పీహెచ్ 7.2 దగ్గర అది చాలావరకు హైడ్రోజన్ సయనైడ్‌గా మారి గాలిలోకి లేస్తుంది. ఫ్యూమ్ హుడ్ లేకుండా తెరవొద్దు. ఆమ్లం ఏదీ ఆ బల్ల మీదే ఉండకూడదు. వాడేసిన ద్రవాన్ని బాగా క్షారంగా మార్చి హైపోక్లోరైట్‌తో విరిచాకే పారబోయాలి. ఎలక్ట్రోడ్ గది నుంచి అది తప్పించుకుపోతుంది కాబట్టి, 10 నిమిషాలు దాటితే నిరోధం సడలి, "సయనైడ్‌కు ఆగని శ్వాస" ఎక్కువున్నట్టు దొంగ లెక్క వస్తుంది.

ఉష్ణోగ్రత మాట. గాలితో సంతృప్తమైన నీటిలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ సుమారు 258 మైక్రోమోలార్ ఉంటుంది, 35 డిగ్రీల దగ్గర 217కు దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో కరెంటు పోయి ఏసీ ఆగితే, వాటర్ జాకెట్ నీరు వేడెక్కుతుంటే, మీరు 258తోనే గుణిస్తూ పోతే అన్నీ తప్పే. మదనపల్లె, పలమనేరు వైపు చేసేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఎత్తు 700 మీటర్ల దగ్గర కాబట్టి వాయుపీడనం సుమారు 8 శాతం తక్కువ, నీటిలో ఆక్సిజన్ కూడా అంతే తక్కువ.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. సయనైడ్, షామ్ వేసి కొలిస్తే తెలిసేది ఏఓఎక్స్ ఎంత పని చేయగలదన్నదే. ఆకులో అది ఆ క్షణాన ఎంత పని చేస్తోందో తెలియదు. తూము కట్టేసి కలుజు మీద ఎంత పారుతుందో చూసినట్టు అది. తూము తెరిచి ఉండగా కలుజు మీద అసలు నీరుందా లేదా? దానికి ఆక్సిజన్ ఐసోటోపుల పద్ధతి కావాలి, ఏఓఎక్స్ బరువైన ఆక్సిజన్‌ను మామూలు ఆక్సిడేజ్ కన్నా ఎక్కువగా వదిలేస్తుంది కాబట్టి. ఆ పరికరం లేనప్పుడు "ఏఓఎక్స్ సామర్థ్యం పెరిగింది" అనే రాయండి, "ఏఓఎక్స్ పని పెరిగింది" అని రాయకండి.

పలమనేరు_పొలం | మంగళవారం, ఉదయం 6:40

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దండి సార్. పలమనేరు, వి.కోట సైడు టమాటలో చెట్టు పచ్చగా ఉండంగానే మధ్యాహ్నానికి వాలిపోతా ఉండాది, పొద్దుగూకితే తేరుకుంటాది, మూడునాలుగు దినాలకు పూర్తిగా పడిపోతాది. అంగళ్లలో సాలిసిలిక్ యాసిడ్ చల్లమంటారు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమంటారు, ఇంకొకరు అజాక్సిస్ట్రోబిన్ ఇస్తారు. మీరు చెప్పే ఏఓఎక్స్, సాలిసిలిక్ దీనికి వర్తిస్తాయా? రైతులు అడిగితే ఏం చెప్పాల?

సూక్ష్మజీవి | మంగళవారం, ఉదయం 9:15

అన్నా, ముందు అది బాక్టీరియా ఎండు తెగులేనా అని నిక్కచ్చి చేసుకోండి. కాండం అడుగు భాగం ఒక జానెడు కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన మొన నీటిలో తగిలేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో ఆ మొన నుంచి పాలదారంలా తెల్లగా సన్నగా కిందికి జారితే ఎండు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా బాక్టీరియానే. దారం రాకపోతే ఫ్యుజేరియం శిలీంధ్రమో, వేరు నులిపురుగో చూడాలి. గ్లాసు కదిలిస్తే దారం చెదిరిపోయి కనిపించదు, నెమ్మది కావాలి.

ఇది ఆకుమచ్చ తెగుళ్లలాంటిది కాదు. ఈ బాక్టీరియా వేరు గుండా దారువు నాళాల్లోకి పోయి అక్కడ కోట్లకొద్దీ పెరిగి నీటిదారిని అడ్డుకుంటుంది. నాళాలు చచ్చిన కణాల గొట్టాలు, వాటిలో మైటోకాండ్రియానే లేదు. స్పందించాల్సింది వాటి పక్కనున్న బతికిన కణాలు. పైగా దీని ఫ్లాజెలిన్‌లోని ఆ 22 అమైనో ఆమ్లాల ముక్కను టమాట గుర్తుపట్టదు, దాని వేరే ప్రోటీన్ ముక్క ఒకదాన్ని గుర్తుపడుతుంది. అంటే పై చర్చలోని మొదటి అల ఇక్కడ వేరే దారిలో నడుస్తుంది.

మందుల సంగతి. అజాక్సిస్ట్రోబిన్ శిలీంధ్రాల మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 3ను ఆపే మందు, బాక్టీరియా ఎండు తెగులుకు పనికిరాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ మట్టిలో పోస్తే సేంద్రియ పదార్థం దగ్గరే విరిగిపోతుంది. మిగిలిన కొంచెం నాళంలోని బాక్టీరియా దాకా పోదు, పోయినా దానికి సొంత కెటలేజ్ ఉంది. వాలిన చెట్టు మీద సాలిసిలిక్ చల్లితే అది లేవదు.

రైతుకు చెప్పాల్సింది: వాలిన చెట్టును వేరుమట్టితో సహా సంచిలోకి తీసి పొలం బయట పారేయాలి, కాలువలో వేయకూడదు. కాలువ పారకం మాని డ్రిప్ పెట్టుకోవాలి, లేదంటే నీరే తెగులును వరస నుంచి వరసకు మోస్తుంది. పంట మార్పిడిలో వంగ, మిరప, ఆలు వద్దు. వేరుశనగ కూడా ఈ బాక్టీరియాకు ఆశ్రయమే కాబట్టి రాగి, జొన్న, మొక్కజొన్న నయం. తెగులు వచ్చిన పొలంలో అర్క రక్షక్ లాంటి తట్టుకునే రకం గానీ, వంగ ఈజీ203 లేదా ఉస్తి వేరుమొక్క మీద అంటుకట్టిన నారు గానీ నాటాలి. అంటు అతుకు మట్టికి పైనే ఉండాలి. మట్టి ఎగదోసి అతుకును కప్పేస్తే పైనున్న టమాట కాండం సొంత వేర్లు దించుతుంది, అంటుకట్టిన ఖర్చంతా వృథా.

పలమనేరు_పొలం | మంగళవారం, ఉదయం 10:05

మట్టి ఎగదోసేది మన దిక్కు అందరూ చేస్తారు సార్. ఆ మాట చెప్పాల్సిందే. ఆరోగ్యంగా ఉండే చెట్టుకు ముందుగానే సాలిసిలిక్ ఇస్తే?

శ్వాసక్రియ | మంగళవారం, ఉదయం 10:40

ముందుగా ఇస్తే మొక్క రక్షణ జన్యువులు లేవడం పరిశోధనల్లో కనిపించింది. కాకపోతే మోతాదు చాలా ఇరుకైనది. 0.5 నుంచి 1 మిల్లీమోలార్, అంటే లీటరుకు 69 నుంచి 138 మిల్లీగ్రాములు. అది నీటిలో సరిగా కరగదు. చెంచాతో ట్యాంకులో వేసి కలిపితే అడుగున రవ్వగా మిగిలి, ఆఖరి ట్యాంకు నీరు చల్లిన వరసలో ఆకు అంచులు మాడతాయి. ముందు కొంచెం ఆల్కహాలులో కరిగించి నీటిలో కలపాలి. మోతాదు మించితే పైన చెప్పిన సంగతే, మైటోకాండ్రియా ఎలక్ట్రాన్ ప్రవాహం ఆగిపోతుంది, మొక్కను మనమే దెబ్బతీసినట్టు. ఎండు తెగులు పొలంలో దీని మీద డబ్బు పెట్టేకన్నా అంటు నారు మీద పెట్టడం మేలు.

ఆకుపచ్చకు ఇందులో ఒక పాఠం ఉంది. మీ ప్రయోగం మొక్కలకు ఎవరైనా అజాక్సిస్ట్రోబిన్ గానీ, కాంప్లెక్స్ 2ను ఆపే బోస్కాలిడ్, ఫ్లూఓపైరామ్ లాంటివి గానీ చల్లారా? ఇలాంటి మందులు మొక్క సొంత శ్వాసను కూడా కొంత కదిలించగలవు. షేడ్‌నెట్ కింద బూజు వచ్చిందని తోటపని చూసేవాళ్లు అలవాటుగా చల్లేస్తారు.

ఆకుపచ్చ_తిరుపతి | మంగళవారం, మధ్యాహ్నం 12:20

అడిగి తెలుసుకున్నాను సార్, మూడు వారాల కిందట బూడిద తెగులుకు అజాక్సిస్ట్రోబిన్ చల్లారట. ఆ బ్యాచ్ వదిలేస్తాం. కొత్తగా విత్తనం వేస్తాం.

బ్లాట్‌లో 35, 70 గీతల సంగతి ఎవరైనా చెప్పగలరా? ఏఓఎక్స్ ఎక్కువైతే మొక్కకు రక్షణ ఎక్కువని రాయొచ్చా?

పత్రహరితం | మంగళవారం, మధ్యాహ్నం 3:00

35 ఒంటరి ప్రోటీన్, 70 రెండు కలిసిన జంట. జంటను కలిపి ఉంచేది డైసల్ఫైడ్ బంధం. ఆక్సీకరణ స్థితిలో అది ముడిపడి ఎంజైమ్ మందగిస్తుంది, థయోరెడాక్సిన్ విప్పితే పైరువేట్ వచ్చి చురుకెక్కిస్తుంది. నమూనా బఫర్‌లో ఆ బంధం విప్పే డీటీటీ ఒకసారి తాజాగా, ఒకసారి పాతది వేసి ఉంటారు. మొత్తం ఎంతుందో తెలియాలంటే 50–100 మిల్లీమోలార్ తాజా డీటీటీ వేసి అంతా 35కి దించండి. విప్పుకున్నది ఎంత, ముడిపడ్డది ఎంత అని తెలియాలంటే డీటీటీ లేకుండా నడపండి, నూరేటప్పుడే ఎన్-ఇథైల్మాలిమైడ్ కలపాలి, లేకపోతే నూరుతుండగా గాలికే ముడిపడిపోతుంది. రెండు జెల్‌లూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు.

టమాటలో ఏఓఎక్స్ జన్యువులు నాలుగు: 1ఏ, 1బీ, 1సీ, 2. ఒత్తిడికి ఎక్కువ కదిలేది 1ఏ. ప్రైమర్లు నాలుగింటినీ విడదీస్తున్నాయా చూసుకోండి.

రక్షణ విషయంలో నా ఉద్దేశం: రాయొద్దు. ఏఓఎక్స్ సూపరాక్సైడ్‌ను తగ్గిస్తుంది. గుర్తుపట్టే జన్యువున్న మొక్క బతికేదే ఆ చోట కణాలను చంపుకోవడం వల్ల. ఏఓఎక్స్ ఎక్కువ చేసిన పొగాకులో మొజాయిక్ వైరస్ మచ్చలు చిన్నవయ్యాయి. మచ్చ చిన్నదైతే మొక్కకు లాభమా, తెగులు తెచ్చే క్రిమికి లాభమా?

శ్వాసక్రియ | మంగళవారం, సాయంత్రం 5:30

ఇక్కడ మేడమ్‌తో సగమే ఏకీభవిస్తాను. ఏఓఎక్స్ స్థాయి ఒక్కటే చూస్తే ఏమీ తెలియదన్నది నిజం. కానీ దాని జతగాడు, సూపరాక్సైడ్‌ను విరిచే మ్యాంగనీస్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ (మ్యాంగనీస్ ఎస్‌ఓడీ)తో కలిపి, కాలంతో పాటు చూస్తే కథ కనబడుతుంది. కణం చచ్చేవైపు పోతున్నప్పుడు ఎలక్ట్రాన్ దారి మూసుకుపోవడం, మ్యాంగనీస్ ఎస్‌ఓడీ చురుకు తగ్గడం రెండూ కలిసొస్తాయి. అప్పుడే సూపరాక్సైడ్ నిలబడిపోతుంది. పొగాకులో సూడోమోనాస్‌తో చేసిన పని ఇదే చూపింది, కణం చావడానికి ముందే ఆ సూపరాక్సైడ్ పొంగు వచ్చింది. కాబట్టి మీరు కొలవాల్సినవి మూడు: ఏఓఎక్స్ సామర్థ్యం, మ్యాంగనీస్ ఎస్‌ఓడీ చురుకు, సిట్రేట్.

సిట్రేట్ ఎందుకంటే, మైటోకాండ్రియా మాతృకలో సూపరాక్సైడ్‌కు మొదట దెబ్బతినేది సిట్రేట్‌ను ముందుకు మార్చే ఆకోనిటేజ్ ఎంజైమ్, దాని ఇనుము-గంధకం ముడి ఊడిపోతుంది. సిట్రేట్ ముందుకు కదలక పేరుకుంటుంది. పొగాకు కణాల్లో సిట్రేట్ పోస్తేనే ఏఓఎక్స్ జన్యువు లేచింది. అంటే చెరువు నిండుతోందని కలుజుకు తెలిపే కొలబద్దల్లో ఇదొకటి. ఇంకో కబురు ఏఎన్‌ఏసీ017 అనే ప్రోటీన్ ద్వారా పోతుంది. అది మామూలుగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరకు కట్టేసి ఉంటుంది. మైటోకాండ్రియా దెబ్బతింటే కోతపడి, విడిపోయిన ముక్క కేంద్రకంలోకి పోయి ఏఓఎక్స్1ఏను లేపుతుంది. అరబిడాప్సిస్‌లో 2013లో తేలింది.

ఎస్‌ఓడీ జెల్‌లో మ్యాంగనీస్ రకాన్ని విడదీయడం తేలిక. ఒకే నమూనాను మూడు జెల్‌లలో నడిపి, ఎన్‌బీటీ రంగు వేసేముందు ఒకదాన్ని 2 మిల్లీమోలార్ సయనైడ్‌లో, ఒకదాన్ని 5 మిల్లీమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టండి. రెండింటికీ ఆగకుండా మిగిలిన తెల్ల గీత మ్యాంగనీస్ ఎస్‌ఓడీ.

సూక్ష్మజీవి | మంగళవారం, రాత్రి 7:10

కొత్త విత్తనం వేస్తున్నారు కాబట్టి ఒక్కటి. షేడ్‌నెట్ వదిలేయండి. 30 డిగ్రీల దగ్గర అరబిడాప్సిస్ సాలిసిలిక్ ఆమ్లం తయారీ కుంటుపడి డీసీ3000 చెలరేగుతుంది. గుర్తుపట్టే జన్యువుల పని కూడా చాలా మొక్కల్లో వేడికి మెత్తబడుతుంది. తిరుపతి ఎండలో వేడి ఒక్కటే ఏఓఎక్స్‌ను కదిలించగలదు. మొక్కల గదిలో 22–24 డిగ్రీలు, నాలుగు, ఐదు వారాల మొక్క, పై నుంచి మూడో ఆకు, రోజూ ఒకే గంటలో ఎక్కించడం. కరెంటు పోయి గది వేడెక్కిన రోజు మొక్కలను ఆ వారం వాడొద్దు.

ఆకుపచ్చ_తిరుపతి | బుధవారం, ఉదయం 9:00

సరే సార్, మేడమ్. కొత్త వరస ఇలా పెడుతున్నాం: గదిలో 23 డిగ్రీలు, ఏ మందూ చల్లని మొక్కలు. ఎక్కించనివి, మెగ్నీషియం క్లోరైడ్, హెచ్‌ఆర్‌సీసీ, డీసీ3000, నాలుగు వరసలు రెండు రకాల్లోనూ, ఓడీ 0.2, 0.02. ఏడు సమయాలు. బాక్టీరియా ఒంటరి శ్వాస విడిగా. మైటోసాక్స్ పక్కన టీఎంఆర్‌ఎం. షామ్ మెట్లు ముందు సోకిన ఆకులోనే చూసుకుంటాం. శీర్షిక "సూడోమోనాస్ దాడిలో టమాట ఆకు మైటోకాండ్రియా రెడాక్స్ మార్పులు" అని మార్చాం.

పత్రహరితం | బుధవారం, ఉదయం 9:40

ఏడు సమయాలూ వెలుగులోనే తీస్తే క్లోరోప్లాస్ట్ వాటా అన్నిట్లో కలిసిపోతుంది. కనీసం 3, 6, 9 గంటలకు ఒక సెట్‌ను ఎక్కించిన వెంటనే చీకట్లో పెట్టి తీయండి. చీకటి సెట్ నుంచి ఆకు బయటికి తెచ్చేటప్పుడు పచ్చ దీపం కిందే కోయాలి, ట్యూబ్‌లైట్ వేశారంటే ఆ సెట్ అంతా మళ్లీ మొదటి నుంచి.